గొంతు దాచే సాయంత్రం

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం. ఆసుపత్రి గదిలో తండ్రి, తల్లి, కూతురు. కూతురి చేతిలో ఫోను.

"మళ్లీ చదువు నాన్నా. ఇదొక్కటీ."

"చదివాను కదే. 'నేడు వాతావరణం ఆహ్లాదకరముగా ఉన్నది.' చాలా?"

"క్షమించండి. మీ స్వరం స్పష్టంగా నమోదు కాలేదు. దయచేసి తిరిగి చదవండి."

"విన్నావా? ఫోన్లో ఉన్న ఈ మహాతల్లికి నా గొంతు ఆనట్లేదంట. ముప్ఫయ్యేళ్లు బస్టాండు బస్టాండంతా విన్న గొంతు, దీనికి ఆనదు!"

"అరవకు నాన్నా. ఉన్న కాస్తా పోతుంది."

"రేపు పొద్దున ఎలాగూ కోసి పారేసేదేగా. ఇవాళే ఖర్చుపెట్టేస్తే పీడా విరగడవుతుంది."

"అలా మాట్లాడకు."

"మరెలా మాట్లాడను? ఆహ్లాదకరముగానా?"

"అమ్మా, నువ్వైనా చెప్పవే. అమ్మా! నిన్నే."

"ఆఁ? ఏంటే? ఇటు తిరిగి చెప్పు. ఆ ఫోన్లో మొహం పెట్టి గొణిగితే ఎవరికి అర్థమవుతుంది?"

"నాన్నకి చెప్పమంటున్నా. ఈ వాక్యాలన్నీ చదివితేనే యాప్ నాన్న గొంతు నేర్చుకుంటుంది. రేపు లోపల స్వరపేటిక తీసేశాక ఇక గొంతు రాదు కదా. అప్పుడు నాన్న ఫోన్లో రాస్తే, ఇది నాన్న గొంతుతోనే పైకి చెప్తుంది. నేర్చుకోకపోతే ఎవరి గొంతుతోనో చెప్తుంది. ఇంకా సగం కూడా అవ్వలేదు. చీకటి పడితే నర్సు వచ్చి మనల్ని పంపించేస్తుంది."

"చదవండీ. పిల్ల అంత చెప్తోంది కదా."

"ఏం చదవనే? ఇది చూడు. 'మీ సహకారమునకు ధన్యవాదములు.' నా జన్మలో ఎవరికన్నా ధన్యవాదములు చెప్పానా? ఇది చూడు. 'నాకు కొంచెం మంచినీరు ఇవ్వగలరా?' నీళ్లు కావాలంటే నేనేమంటాను?"

"'ఏమే, నీళ్లు' అంటారు."

"విన్నావా బుల్లీ? రెండే మాటలు. పని అయిపోతుంది."

"యాప్ అవి ఒప్పుకోదు నాన్నా. దానికి శుభ్రమైన తెలుగు కావాలంట."

"అంటే నాది మురికి తెలుగా?"

"నేనట్లా అనలేదు."

"నాకీ ఆడగొంతు తెలుసే. బస్టాండులో నా కుర్చీలోకొచ్చి కూచున్నది ఇదే."

"అది వేరు, ఇది వేరు."

"అన్నీ ఒక తల్లి పిల్లలే. 'ప్రయాణికులకు గమనిక' అంటుంది. గమనిక! నేనెప్పుడన్నా గమనిక అన్నానా? 'అయ్యా, నీళ్ల కుళాయి దగ్గర నీలం చొక్కా పిల్లాడు ఏడుస్తున్నాడు, ఎవరి బిడ్డ తండ్రీ, పరుగెత్తుకు రండి' అనేవాణ్ణి. వచ్చేవాళ్లు. చెప్పులు వదిలేసి వచ్చేవాళ్లు. ఇప్పుడు పిల్లాడు తప్పిపోతే అదేం చేస్తుంది? తరువాతి బస్సు సంగతి చెప్తుంది."

"సరే నాన్నా. తర్వాతది చదువు."

"ఆ తర్వాత నన్ను విచారణ కిటికీలో కూచోబెట్టారు. అడగడానికి మనిషి వస్తేగా? నా కిటికీ ముందే నిలబడి, తల వంచుకుని, ఫోన్లో బస్సు వెతుక్కునేవాళ్లు. 'బాబూ, అది మూడో నంబరు దగ్గరుంది' అని నేనే పిలిచి చెప్తే, చెవిలోంచి ఆ పుల్ల పీకి 'ఏంటంకుల్' అని విసుక్కునేవాళ్లు. మైకు బాబాయి, మైకు బాబాయి అని పిలిచిన ఊరే."

"నాన్నా, దణ్ణం పెడతా. చదువు."

"'మా గృహమునకు సమీపమున ఒక ఉద్యానవనము కలదు.'"

"క్షమించండి. మీ స్వరం స్పష్టంగా నమోదు కాలేదు."

"కలదో లేదో దానికే తెలియాలి."

"ఎందుకు తీసుకోదు ఇది! అన్నీ సరిగ్గానే పెట్టాను కదా!"

"ఏడవకే బుల్లీ. వినపడేదైతే అదే తీసుకునేది. గరగర తప్ప ఏముంది ఇందులో?"

"నిన్నటినుంచీ వెతుకుతున్నా నాన్నా. నీ పాత గొంతు ఎక్కడైనా దొరికితే దానికే ఇచ్చేద్దామని. బస్టాండు వాళ్లని అడిగా. 'మైకులో చెప్పేసినవి ఎవరు దాస్తారమ్మా' అన్నారు. నా పెళ్లి వీడియో మొత్తం చూశా. నువ్వు నోరు తెరిచిన ప్రతిచోటా సినిమా పాట వేసి చచ్చాడు ఆ వీడియో ఆయన. పందిట్లో ఇటూ అటూ తిరుగుతూ అందర్నీ కేకలేస్తున్నావు. మాట మాత్రం లేదు."

"ఫోన్లో ఉండాలిగా?"

"ఫోన్లో ఏముంది? పొద్దున్నే నువ్వు పంపిన పువ్వు బొమ్మ. దానికి నేను పెట్టిన బొటనవేలు. నా పుట్టినరోజుకి కేకు బొమ్మ. దానికి నా రెండు చేతుల దణ్ణం. ఏళ్లకేళ్లు పైకి జరుపుకుంటూ పోయా నాన్నా. పువ్వు, వేలు. పువ్వు, వేలు."

"మాట రికార్డు చేసి పంపుతానంటే నువ్వే వద్దన్నావు. 'ఆఫీసులో ఉన్నా, వినడం కుదరదు, రాసి పెట్టు' అన్నావు."

"అన్నాను."

"మరి రాస్తే? తిరిగి ఏం రాశావు? 'కే' అని. ఒక్కక్షరం. దాని మీద మీ అమ్మా నేనూ సాయంత్రమంతా కొట్టుకున్నాం. పిల్లకి కోపమొచ్చిందని నేను. కాదు, కాఫీ తాగుతోందేమో అని ఆవిడ."

"నవ్వించకు నాన్నా. నాకు నవ్వు రావట్లేదు."

"నాకు మాత్రం వస్తోందా?"

"ఇంకోటి అడుగుతా, నిజం చెప్పు. గొంతు బొంగురుపోయి ఎన్నాళ్లయింది?"

"ఏదో, వానలకి ముందు."

"వానలయిపోయి చలికాలం కూడా పోయింది! డాక్టరేమన్నాడో విన్నావా? మొదట్లోనే వచ్చుంటే కోత లేకుండానే జబ్బు పోయేది, గొంతు మిగిలేది అన్నాడు. ఎందుకు చూపించుకోలేదు?"

"ఎవరితో మాట్లాడాలని చూపించుకోను? పొద్దున లేస్తే పది మాటలు. టిఫినైందా, మందులేసుకున్నావా, ఫ్యాను తగ్గించు. దానికి గొంతు నున్నగా ఉంటే ఏం, గరుగ్గా ఉంటే ఏం?"

"నువ్వంటే మొండివాడివి. అమ్మా, మరి నువ్వు? రోజంతా పక్కనే ఉంటావు. నాన్న గొంతు అలా పోతుంటే నీకు అనుమానమే రాలేదా?"

"ఉండు, వేడినీళ్లు పట్టుకొస్తా. ఫ్లాస్కు ఖాళీ అయింది."

"నిండుగా ఉంది ఫ్లాస్కు. మాట తప్పించకు."

"నాకేం తెలుసే? వయసు పైబడితే అందరి గొంతూ అంతేనేమో అనుకున్నా."

"అంతేనా? రేకు మీద ఇసుక పోసినట్టుంటే అంతేనా? నేను మొన్న గుమ్మంలోకి రాగానే లోపల ఎవరో కొత్తాయన ఉన్నాడనుకున్నా. నా కన్నతండ్రి గొంతు నాకే తెలియలేదు. నీకెలా ఉంది మరి అన్నాళ్లు?"

"దాన్ననకు బుల్లీ."

"నువ్వు వెనకేసుకు రాకు. ఒక్కసారి, ఒక్కసారి 'బుల్లీ, మీ నాన్న గొంతు ఎలాగో ఉందే' అని రాస్తే నేను వచ్చేదాన్ని కాదా?"

"దాన్ననకు అన్నానా! నోరు నాది, రోగం నాది. అడగాల్సింది నన్ను."

"ఏమన్నారు? మూతి మీంచి చెయ్యి తీసి చెప్పండి."

"ఏం లేదులేవే. నిన్నేం అనట్లేదు ఎవరూ."

"అనొచ్చు. నన్ను కాక ఎవర్నంటుంది?"

"అమ్మా, ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు. అమ్మా! సరే, నేనే చూస్తా."

"టైమైపోయిందండీ. పేషెంటుని రేపటికి రెడీ చెయ్యాలి. బయట కూచోండి మీరు."

"సిస్టర్, కాస్సేపు. దయచేసి. ఒక్క రికార్డింగ్."

"త్వరగా కానివ్వండి. మళ్లీ వస్తా."

"ఏమంటోంది ఆ అమ్మాయి? మూతికి గుడ్డ కట్టుకుని మాట్లాడితే ఒక్క ముక్క అర్థమై చావదు."

"వెళ్లిపోమంటోందమ్మా. నాన్నా, ఈ వాక్యాలు వదిలెయ్. యాప్ ఒప్పుకోదిక. ఆపరేషన్ అయ్యాక మాట నేర్పించే డాక్టరమ్మ ఇంకోటి కూడా చెప్పింది. ఊరికే మామూలుగా మాట్లాడింది రికార్డు చేసి పంపినా ఎంతోకొంత చేస్తారంట. ఇంతకు ముందు తీసుకున్న ముక్కలూ ఇదీ కలిపి. నీకేది తోస్తే అది మాట్లాడు."

"ఎవరి కోసమే ఇదంతా?"

"ఎవరి కోసమేంటి? అమ్మ కోసం."

"అమ్మ కోసమా."

"మరి? ఆసుపత్రి నుంచి వెళ్లాక ఇంట్లో మీరిద్దరే. నువ్వు రాస్తుంటే ఎవరో ఆడమనిషి 'దయచేసి అన్నం వడ్డించగలరా' అంటుంటే అమ్మ ఏమైపోతుంది? సగం చచ్చిపోదూ?"

"మీ అమ్మకి యంత్రం అక్కర్లేదు."

"నీకేం తెలుసు?"

"నలభయ్యేళ్లుగా కాపురం చేస్తున్నది నువ్వా నేనా?"

"ఏమండీ, నాకు కావాలండీ."

"ఏం చేసుకుంటావే?"

"ఏదో చేసుకుంటా. ఉండాలి. వింటానో మానతానో, ఎక్కడో ఒకచోట మీ గొంతు ఉందంటే చాలు. రేపు పూర్తిగా ఏమీ లేకుండా పోతుందంటే నావల్ల కావట్లేదు. మీ కాళ్లు పట్టుకుంటా, మాట్లాడండి."

"ఊరుకో. ఊరుకోవే. కాళ్లెందుకు? మాట్లాడతాను. బుల్లీ, నొక్కు."

"నొక్కాను. మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. బస్టాండులో మాట్లాడినట్టు."

"అయ్యా, అమ్మా, కాస్త ఇటు వినండి. అయిదున్నర బస్సు ఆలస్యం. డ్రైవరు టీ తాగుతున్నాడు, నేనిక్కడినుంచి చూస్తూనే ఉన్నా. బాబూ డ్రైవరూ, గ్లాసు దింపు ఇక. ముసలాళ్లని ముందు ఎక్కనివ్వండి. చంటిపిల్లల తల్లి ఒకావిడ నిలబడుంది, ఎవరన్నా లేచి చోటివ్వండి, మీ సొమ్మేం పోదు. బుల్లీ, ఆఫీసుకి ఏమన్నా తిని వెళ్లు. ఖాళీ కడుపుతో పరుగెత్తకు."

"ఆపకు నాన్నా. బాగా వస్తోంది."

"నువ్వు రాసేదేదీ నాకు సరిగా అర్థం కాదే. మన మాటలే రాస్తావు, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తావు. నేను కూడబలుక్కుని పైకి చదువుతా. చదివితే అది నా గొంతులో వినపడుతుంది గానీ నీ గొంతులో వినపడదు. అది తప్ప నీ మీద నాకేం కోపం లేదు. ఆగు, దగ్గొస్తోంది."

"నీళ్లు తాగు. చాలా? ఆపేద్దామా?"

"ఆగవే. అసలుది చెప్పలేదుగా. ఏమే. ఇటు చూడు. ఏమే."

"చూస్తున్నా. చెప్పండి."

"ఏం చెప్పాలో తెలియట్లేదే. ముప్ఫయ్యేళ్లు ఊళ్లోవాళ్లందరికీ చెప్పాను. నీకేం చెప్పాలో తెలియట్లేదు."

"'ఏమే' అన్నారుగా. చాలు. అది చాలు నాకు."

"ఏమే."

"ఊఁ."

"ఏమే. అంతేనే. గొంతు అయిపోయింది. ఆపు బుల్లీ, మండుతోంది."

"ఆపాను. పంపేశాను. చక్రం తిరుగుతోంది. నువ్విక మాట్లాడకు నాన్నా, పడుకో. నాన్నా, వద్దన్నానా, సైగ చెయ్యి చాలు. అదిగో, తయారవుతోందంట. ఒక మాట వినిపిస్తుందంట నమూనాకి. అమ్మా, రా. ఇటు రా. ఫోను చెవి దగ్గర పెట్టుకో. నొక్కుతున్నా."

"అబ్బ! అచ్చం ఆయనదే! మైకులో ఎలా ఖంగుమనేదో అలాగే ఉందే! ఏమండీ, మీరే! అచ్చం మీరే!"

"అమ్మా."

"నా తల్లే, ఎంత పని చేశావే. నీ కడుపు చల్లగుండ. ఆ పిలుపు, ఆ సాగదీయడం కూడా."

"అమ్మా, ఇంకా రాలేదు."

"ఏది?"

"ఏ మాటా రాలేదమ్మా. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఫోనులోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు."

"వచ్చింది కదే. లేకపోతే, పక్క గదిలో టీవీదేమో."

"పక్క గదిలో టీవీ లేదు."

"అయితే నా భ్రమేమోలే. ఆశ కొద్దీ అనిపించిందేమో. ఇటివ్వు ఫోను."

"అమ్మా, ఒక్కసారి కిటికీ వైపు తిరిగి నిలబడు."

"ఎందుకే?"

"తిరుగు. ఒక్క నిమిషం."

"బుల్లీ, వద్దు. దాన్ని అటు తిప్పకు."

"నువ్వు మాట్లాడకు నాన్నా, గొంతు చీలిపోతోంది. అమ్మా."

"వద్దే. దాన్ని వదిలెయ్."

"అమ్మా, ఆ ఫ్లాస్కు ఇటివ్వు. అమ్మా! కదల్లేదు చూడు నాన్నా. భుజం కూడా కదల్లేదు. అమ్మా! నాన్నకి ఎలాగో ఉంది! అమ్మా!"

"ఎంతసేపే నన్నిలా నిలబెడతావు? కింద ఎవరో కారు బయటికి తీయలేక తంటాలు పడుతున్నాడు. అంతకుమించి ఇక్కడ చూడ్డానికేం లేదు. తిరగనా? ఏంటే, ఎందుకేడుస్తున్నావు? ఏమైంది? ఏమండీ, మీకేమైంది?"

"నాన్నకేం కాలేదు. నా మొహం చూడు. ఎన్నాళ్లయింది?"

"దేనికి?"

"వినపడక."

"వినపడకపోవడమేంటి? ఇప్పుడు నీతో మాట్లాడట్లేదూ?"

"నా పెదాలు చూసి మాట్లాడుతున్నావు. నేను గట్టిగా అరిచాను అమ్మా, నీ వెనక. మూడుసార్లు అరిచాను."

"అరిచావా?"

"అరిచాను."

"ఇహనేం దాచను మరి. ఒక్కరోజులో పోలేదే. మొదట కుక్కర్ కూత పోయింది. అన్నం మాడితే వాసనొచ్చేదాకా తెలిసేది కాదు. తర్వాత గుమ్మం గంట. తర్వాత మనుషులు. ఎవరూ పసిగట్టలేదు. ఎలా పసిగడతారు? నువ్వు ఫోను చెయ్యవు, రాస్తావు. పాలాయన రాస్తాడు. గ్యాసు వాళ్లు రాస్తారు. పక్కింటావిడ గోడకి అవతల ఉండి కూడా రాస్తుంది. అందరూ నోళ్లు కట్టేసుకుని వేళ్లతో మాట్లాడుతుంటే, ఒక ముసలిదానికి చెవులు లేవని ఎవరికి తెలుస్తుంది? ఒక్కోరోజు నాకే గుర్తుండేది కాదు."

"చెప్పొచ్చు కదమ్మా. నాకు రాయొచ్చు కదా, అదైనా."

"చెప్తే ఆ మాట్లాడే కాస్తా మానేస్తారేమోనని. మీ నాన్న రోజుకి పది మాటలన్నారే, అవి కూడా 'దీనికి చెప్పి ఏం లాభం' అని ఊరుకుంటారేమోనని. ఎదురుగా కూచుని చెప్తారు కాబట్టి నాకు మాట అందేది. మాటే. గొంతెలా అందుతుందే? బొంగురుపోయిందో, గీరుకుపోయిందో పెదాల మీద ఉండదు కదా."

"అమ్మా, వద్దు. నేనేదో కోపంలో అన్నాను."

"నువ్వడిగింది సరైనదే. అనుమానం రాలేదా అని అడిగావు. మొన్న నువ్వు గుమ్మంలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేదాకా నాకు తెలియదు. ఏమండీ, నాకు తెలియలేదండీ. చెవులున్న ఆడదైతే ఆ వానల్లోనే మిమ్మల్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. మీకీ కోత ఉండేది కాదు. నా చెవులు మీ గొంతు మింగేశాయండీ."

"నాన్నా, లేవకు. ఏంటి? ఏం కావాలి? గొంతు రావట్లేదు నాన్నా, బలవంతం చెయ్యకు. నీళ్లా? నొప్పా? సిస్టర్‌ని పిలవనా? ఇదిగో ఫోను, రాయి. ఇందులో రాయి."

"తీసెయ్యవే ఆ ఫోను. నువ్వు పక్కకి జరుగు, నాకు మొహం కనపడట్లేదు."

"మాట రావట్లేదమ్మా నాన్నకి. ఊపిరే వస్తోంది."

"పెదాలు ఆడుతున్నాయిగా. చెప్పండి. మెల్లగా చెప్పండి, నేను చూస్తున్నా."

"ఏమంటున్నాడమ్మా? నాకేం వినపడట్లేదు. ఏమంటున్నాడు?"

"'తెలుసు' అంటున్నారే. 'నీకు వినపడదని నాకెప్పుడో తెలుసు' అంటున్నారు."